గీత కింద మీటరు

"ఇంతకాలం పొడవూ బరువూ కాలమూ ఒకే గదిలో, ఒకే బల్ల మీద, ఒకే గుమాస్తా చేతికింద మగ్గిపోయాయి. ఈ అన్యాయం నేటితో సరి. కొలతలన్నిటికీ స్వాతంత్ర్యం ఇస్తున్నాను!" అని తూనికలు కొలతల శాఖ మంత్రిగారు విలేకరుల ముందు ప్రకటించారు. హాలు చప్పట్లతో మోగిపోయింది. ఆ గుమాస్తా నేనే కావడంవల్ల చప్పట్లు అందుకోవడంలో నాకు కాస్త ఆలస్యమైంది.

మంత్రిగారి ఘనకార్యం గురించి రాసేముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. ఈ చారిత్రాత్మక నిర్ణయానికి మూలం మా మామగారి పాతపుస్తకం. దాన్ని ఆఫీసుకు మోసుకెళ్లింది నేను.

మా మామగారు బడిలో ముప్పై నాలుగేళ్లు ఫిజిక్సు చెప్పి రిటైరయ్యారు. ఊళ్లో సగం మందికి ఆయన మొహం గుర్తుందో లేదో గానీ ఆయన ఎర్ర పెన్ను మాత్రం గుర్తుంది. జవాబు ఎంత సరిగ్గా ఉన్నా సరే, పక్కన యూనిట్ రాయకపోతే అర మార్కు కోసేవారు. "ఇరవై అని రాశావు. ఇరవై ఏమిట్రా? మీటర్లా, మేకలా?" అనేవారు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు ఈనాటికీ కూరల కొట్లో "రెండు" అని ఊరుకోరు, "రెండు కిలోగ్రాములు" అని పూర్తిగా చెబుతారు.

ఇప్పుడాయనకి రెండు కళ్లలోనూ శుక్లాలు. మా ఇంట్లోనే ఉంటారు. పొద్దున్నే పేపరు చదివి వినిపించే ఉద్యోగం నాది.

"ఎండ నలభై దాటిందట మామయ్యగారూ."

"నలభై ఏమిటి?"

"డిగ్రీలండి."

"ఏ డిగ్రీలు?"

"సెల్సియస్."

"ఆ, అలా చెప్పు. ఇక చదువు."

ఈ పద్ధతిలో ఎనిమిది పేజీల పేపరుకి గంటన్నర పడుతుంది. ఆయన కళ్లు బాగుపడితే ఎక్కువ సంతోషించేది నాన్నగారా మీరా అన్నది తేలడం లేదని మా ఆవిడ అంటూ ఉంటుంది.

కంటి డాక్టరు మా ఊరి ఆసుపత్రికి మూడు నెలలకోసారి వస్తారు. పోయినసారి మామగారికి దగ్గు తగ్గలేదని వెనక్కి పంపేశారు. "ఈసారి మాత్రం తప్పించకండి. శుక్లం బాగా ముదిరింది, ఇంకా ఆగితే నా పూచీ లేదు" అని గట్టిగా చెప్పారు. ఆయన మళ్లీ వచ్చే సోమవారం జరగాల్సిన ఆపరేషన్ల జాబితాలో మామగారిది మూడో నంబరు. కళ్లొచ్చాక ముందుగా ఏం చూస్తారని మా ఆవిడ అడిగితే, "పాత పేపర్లన్నీ దాచి ఉంచు. మీ ఆయన మింగేసిన యూనిట్లు ఎన్నో లెక్క తేల్చాలి" అన్నారు.

ఇక మంత్రిగారి సంగతి. ప్రభుత్వం అయిదు ఓట్ల మెజారిటీ మీద నడుస్తోంది. మంత్రి పదవులు దక్కని ఏడుగురు పెద్ద నాయకులు అలిగి, గెస్ట్ హౌసులో మకాం పెట్టి మూడు వారాలైంది. భోజనం మానలేదు గానీ ఫోన్లు ఎత్తడం మానేశారు. ప్రభుత్వాధినేత మా మంత్రిగారిని పిలిచి, "నీ శాఖలో ఎలాగూ పనుండదు. వీళ్లని నువ్వు చూసుకో" అన్నారు. అంతటి బాధ్యతను తన భుజాన పెట్టినందుకు మంత్రిగారు పొంగిపోయారు.

సరిగ్గా ఆ మర్నాడే కొలతల వారోత్సవానికి ఉపన్యాసం రాసిపెట్టమని నన్ను పిలిచారు. పనికొస్తుందని మామగారి పుస్తకం పట్టుకెళ్లాను. మంత్రిగారు అటూ ఇటూ తిరగేసి నాలుగో పేజీ దగ్గర ఆగిపోయారు.

"ఇదేమిటి?"

"పట్టికండి."

"అది కనపడుతూనే ఉందయ్యా. ఒకటి నుంచి ఏడు దాకా వరస నంబర్లు. పక్కన పోస్టు. దాని పక్కన హోదా. ఎన్నాళ్ల నుంచి ఖాళీగా ఉన్నాయివి?"

"ఖాళీలు కావండి. ప్రాథమిక భౌతిక రాశులు. పొడవు, ద్రవ్యరాశి, కాలం, కరెంటు, ఉష్ణోగ్రత, పదార్థ పరిమాణం, కాంతి తీవ్రత."

"ఏడు!"

"ఏడేనండి."

"ఎక్కడో ఎనిమిదోది దాక్కుని లేదు కదా?"

"ప్రపంచం మొత్తమ్మీద ఏడేనండి."

మంత్రిగారు లేచి కిటికీ దగ్గరికి వెళ్లి చాలాసేపు బయటికి చూశారు. "చూశావా, సృష్టికర్త కూడా మన పార్టీ లెక్కే వేశాడు" అన్నారు. తర్వాత ఉన్నట్టుండి వెనక్కి తిరిగారు. "ప్రాథమికం అంటే మొదటి విడత అనేగా? రెండో విడత కూడా ఉందా?"

"ఉత్పన్న రాశులని ఉంటాయండి. వేగం, బలం, పీడనం, సాంద్రత... వీటిని కలుపుతూ పోతే లెక్కలేనన్ని."

"లెక్కలేనన్ని!" మంత్రిగారి కళ్లు చెమర్చాయి. "ఇంత సంపద పెట్టుకుని ఈ శాఖ వద్దని ఆ రోజు ఎంత ఏడ్చానయ్యా!"

వారం తిరక్కుండా ఏడు కార్పొరేషన్లు, ఏడుగురు ఛైర్మన్లు వెలిశారు. ఎవరికి ఏది ఇవ్వాలన్న విషయంలో మంత్రిగారి చాకచక్యం చూసి తీరాల్సిందే. పార్టీలో పొట్టాయన అని అందరూ పిలుచుకునే నాయకుడికి పొడవు ఇచ్చారు. గాలొస్తే ఎగిరిపోయేలా ఉండే బక్కాయనకి ద్రవ్యరాశి. ఏ సభకైనా రెండు గంటలు ఆలస్యంగా వచ్చే నిదానంగారికి కాలం. చీటికీమాటికీ ఇంతెత్తున లేచే ఆయనకి ఉష్ణోగ్రత. ఫ్యూజు పోతే తానే స్తంభం ఎక్కుతాడని పేరున్న ఒకాయనకి కరెంటు. సభలకు లారీల్లో జనాన్ని తోలే నాయకుడికి పదార్థ పరిమాణం.

"దీని కింద ఎంతమంది ఉంటారు?" అని ఆ చివరాయన నన్ను అడిగారు.

"దీని యూనిట్ మోల్ అండి. ఒక్క మోల్‌కి సుమారుగా ఆరు పక్కన ఇరవై మూడు సున్నాలండి."

"ఓట్లున్నాయా వాళ్లకి?"

"లేవండి. అణువులు."

"ఫరవాలేదు. సభలకి పనికొస్తారు."

కాంతి తీవ్రత వాటాకొచ్చిన ఏడో ఆయన మాత్రం మొహం మాడ్చుకున్నారు. దాని యూనిట్ కొవ్వొత్తి వెలుగు లెక్కన పుట్టిందని ఎవరో చెప్పారట. "మంచివన్నీ మీరు మీరు పంచుకుని నా చేతిలో కొవ్వొత్తి పెడతారా?" అన్నారు. "అన్నా, నువ్వు లేకపోతే మిగతా ఆరుగురూ చీకట్లో కూర్చోవాలి" అని మంత్రిగారు అనేసరికి ఆయన చల్లబడ్డారు.

నా గదిని ప్లైవుడ్డుతో ఏడు ముక్కలు చేశారు. మిగిలిన సందులో నా బల్లా, ముద్ర వేసే సుత్తీ, నేనూ సర్దుకున్నాం. బీరువాలో పట్టుబట్టలో పెట్టి నేను పదిహేడేళ్లుగా కాపాడుతున్న అసలు కిలోగ్రామును బక్కాయన తీసుకెళ్లి, ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా పెట్టుకున్నారు. అసలు మీటరు కడ్డీని పొట్టాయన కిటికీ రెక్క కొట్టుకోకుండా అడ్డం పెట్టించారు. నిఖార్సైన గడియారం నిదానంగారి గదికి చేరింది. అది రోజూ ఆయన లేకుండానే పన్నెండు కొట్టేది.

ఆ తర్వాత కుర్చీలు వచ్చాయి. వీపు ఎత్తుగా ఉండి, చక్రాల మీద తిరిగే కుర్చీలు. ఒక్కోదాని వెనక ఇత్తడి రేకు మీద మీటరు, కిలోగ్రాము, సెకను అని చెక్కించారు. ఒకసారి ఏదో ప్రారంభోత్సవంలో ప్లాస్టిక్ కుర్చీ వేశారని పొట్టాయన మధ్యలో లేచి వెళ్లిపోయారు. అప్పటినుంచి ఛైర్మన్ ఎక్కడికి వెళ్తే కుర్చీ అక్కడికి వెళ్లాలని ఉత్తర్వు వచ్చింది. కుర్చీలకొక వ్యాను ఏర్పాటైంది. చాలాసార్లు వ్యాను ముందు చేరుకునేది, కార్యక్రమం కుర్చీలతోనే మొదలయ్యేది. ఎవరూ తేడా కనిపెట్టలేదు.

ఇంకో ఉత్తర్వు కూడా వచ్చింది. ఏ కొలతకు ముద్ర వేయాలన్నా అందులో ఉన్న యూనిట్లకు సంబంధించిన ఛైర్మన్లందరూ సంతకం చేయాలి. యూనిట్ నెత్తిన రెండు అని ఉంటే రెండు సంతకాలు. దీని రాతప్రతి నాదే. తప్పు లేకుండా రాశావని మంత్రిగారు మెచ్చుకున్నారు.

మొదటి నెల చల్లగా గడిచింది. కూరల కొట్లవాళ్లు రాళ్లు తెస్తే బక్కాయన సంతకం, బట్టల కొట్లవాళ్లు కడ్డీలు తెస్తే పొట్టాయన సంతకం. నేను ముద్ర కొట్టి పంపేవాణ్ణి. రెండో నెల మొదటి గురువారం ఆసుపత్రి పెద్ద నర్సు పీడనం కొలిచే ప్రెషర్ గేజిని తుండులో చుట్టుకుని వచ్చింది.

"ఇది మా ఆటోక్లేవ్‌దండీ. ఆపరేషన్ పనిముట్లని ఆవిరిలో పెట్టి శుభ్రం చేసే యంత్రం. ఆదివారంతో ముద్ర గడువు అయిపోతుంది. ముద్ర లేకపోతే యంత్రం వాడకూడదు. యంత్రం వాడకపోతే థియేటరు తాళం తీయరు. సోమవారం పదకొండు మందికి కంటి ఆపరేషన్లు పెట్టుకున్నాం."

పదకొండులో మూడో మనిషి ఎవరో నాకు తెలుసు. ఎప్పుడూ అరగంటలో ముగించే పని అది. ఇప్పుడు నా చేత్తో నేను రాసిన ఉత్తర్వు నా కళ్ల ముందే గోడకు వేలాడుతోంది.

పీడనానికి యూనిట్ పాస్కల్ అంటారు గానీ విడగొడితే అందులో ముగ్గురు ఉంటారు. ఒక గీత గీసి పైన కిలోగ్రాము రాయాలి. కింద మీటరు రాసి, దాని పక్కన సెకను రాసి, సెకను నెత్తిన రెండు వేయాలి. అలాగే ఫైలు పెట్టి బక్కాయన గదికి పట్టుకెళ్లాను.

ఆయన చూశారు. "గీత పైన నేనొక్కణ్ణేనా?"

"మీరొక్కరేనండి."

ఆయన వెంటనే సంతకం చేసి, ఆ కాగితం ఫొటో కూడా తీసుకున్నారు.

నిదానంగారు మధ్యాహ్నం మూడింటికి వచ్చారు. గీత కింద ఉన్నందుకు ఆయనకేమీ పట్టింపు లేదు. నెత్తిన ఉన్న రెండు మీద వేలు పెట్టారు. "అంటే ఈ కొలతలో నేను రెండుసార్లు ఉన్నానన్నమాట."

"అవునండి. రెండు సంతకాలు పెట్టాలి."

"రెండు సంతకాలు ఒక్క కుర్చీలో కూర్చుని ఎలా పెడతానయ్యా?"

సాయంత్రానికి ఆయనకి రెండో కుర్చీ మంజూరైంది. దాని వెనక కూడా సెకను అనే చెక్కించారు. ఆయన ఒకదాంట్లో కూర్చుని ఒక సంతకం, లేచి రెండోదాంట్లో కూర్చుని ఇంకో సంతకం పెట్టారు.

పొట్టాయన దగ్గర బండి ఆగిపోయింది.

"గీత కిందా! నేను బక్కోడి కిందా!"

"లెక్క అలా వచ్చిందండి. కింద ఉన్నా మీ విలువ తగ్గదు..."

"విలువ గురించి నాకు చెప్పకు. రేపు జనం ఈ కాగితం చూసి ఏమనుకుంటారు? పొట్టోడు కాబట్టి కింద పెట్టారంటారు. ముప్పయ్యేళ్లు పార్టీ జెండా మోసినవాణ్ణి. గీత పైకి తీసుకొస్తేనే సంతకం."

ఫైలు మంత్రిగారి దగ్గరికి వెళ్లింది. శుక్రవారం పొద్దున ముగ్గురినీ కూర్చోబెట్టారు. ముగ్గురంటే నాలుగు కుర్చీలు, మంత్రిగారిది అయిదు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను.

"అసలు ఈ గీత ఎందుకయ్యా?" అన్నారు మంత్రిగారు.

"భాగించడానికండి."

"మనం పార్టీని భాగించడానికి వచ్చామా? గీత తీసెయ్."

"తీసేయొచ్చండి. అందరూ ఒకే వరసలోకి వస్తారు. కాకపోతే మీటరు నెత్తిన మైనస్ ఒకటి వస్తుంది. సెకను నెత్తిన మైనస్ రెండు."

పొట్టాయన కుర్చీ చక్రాల మీద గిర్రున తిరిగింది. "నేను మైనస్సా? ఇంటిల్లిపాదీ పార్టీకి ఊడిగం చేస్తే నేను మైనస్సా?"

"నాకు అభ్యంతరం లేదు" అన్నారు నిదానంగారు. "నాకు రెండున్నాయి. రెండు మైనస్సులు కలిస్తే ప్లస్సే."

మంత్రిగారు క్షణం కళ్లు మూసుకున్నారు. పెద్ద నిర్ణయాలు తీసుకునేటప్పుడు ఆయన కళ్లు మూసుకుంటారు, తీసుకున్నాక కూడా చాలాసార్లు తెరవరు. "మైనస్సులు కూడా తీసెయ్" అన్నారు.

"తీస్తే అది పీడనం కాదండి."

"మరేమవుతుంది?"

"ఏమీ కాదండి. అలాంటి కొలత ఎక్కడా లేదు."

"లేనిదాన్ని ప్రజలకు తెచ్చివ్వడమే ప్రభుత్వం పని. రాయి."

రాశాను. కిలోగ్రాము, మీటరు, సెకను, సెకను అన్నీ ఒకే వరసలో, ఒకే ఎత్తులో, నాలుగు సంతకాలతో, చుట్టూ బంగారు రంగు అంచుతో సర్టిఫికెట్ తయారైంది. పైనా కిందా లేని సమసమాజం మొదట కొలతల్లోనే వచ్చిందని మంత్రిగారు విలేకరులకు చెప్పారు. మర్నాడు మామగారికి చదివే పేపర్లో ఆ మాట వచ్చింది. జలుబు చేసిందని చెప్పి ఆ వార్త దాటేశాను.

శనివారం ఆఫీసు తెరిచేసరికి పెద్ద నర్సు గుమ్మంలో ఉంది. చేతిలో గేజి, బంగారు అంచు సర్టిఫికెట్.

"డాక్టరుగారు దీన్ని రెండుసార్లు చదివారండి. ఏ లోకంలో వాడతారో కనుక్కురమ్మన్నారు. ఇది చూపించి యంత్రం నడపలేనన్నారు." ఆమె గొంతు తగ్గించింది. "మీ మామగారు కూడా జాబితాలో ఉన్నారు కదా. మిమ్మల్ని ఇబ్బంది పెట్టాలని కాదండీ. రేపు సాయంత్రంలోగా ముద్ర రాకపోతే అందరికీ ఫోన్లు చేసి రావద్దని చెప్పాలి."

గేజిని బల్ల మీద పెట్టమని చెప్పి ఇంటికి పరుగెత్తాను. ఇక దాచి లాభం లేదు. పుస్తకం దగ్గర్నుంచి బంగారు అంచు దాకా మామగారికి అంతా చెప్పేశాను. సెకను సెకను దగ్గరికి వచ్చేసరికి ఆయన పగలబడి నవ్వారు. నవ్వు దగ్గులోకి దిగింది. మా ఆవిడ మంచినీళ్లు తెచ్చి ఇచ్చి నావైపు చూసిన చూపు ఇక్కడ రాయదగింది కాదు.

దగ్గు తగ్గాక ఆయన గ్లాసు కింద పెట్టారు. ఒళ్లో ఉన్న పేపరు మీద వేళ్లు ఆడించారు, అక్షరాలు చేతికి తగులుతాయేమోనన్నట్టు. "అయితే ఇంకో మూడు నెలలు నీ చేతే చదివించుకోవాలన్నమాట. అప్పటికి చదివినా ఉపయోగం ఉంటుందో లేదో" అన్నారు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. నాకు ఏడుపొచ్చింది.

"నాదే తప్పు మామయ్యగారూ. ఆ పుస్తకం పట్టుకెళ్లకుండా ఉండాల్సింది."

"పుస్తకం చేసిన పాపమేం లేదు గానీ, ఉత్తర్వులో ఏం రాశావు? మాట పొల్లుపోకుండా చెప్పు."

"కొలతలో ఉన్న ప్రతి యూనిట్‌కీ సంబంధించిన ఛైర్మన్ సంతకం ఉండాలని."

"ఊఁ. గేజిని నువ్వు దేనితో పోల్చి చూస్తావు?"

"మా బల్ల మీద అసలు గేజి ఉంటుందండి. అది ఏ ఒక్కరి వాటాలోకీ రాక నా దగ్గరే ఉండిపోయింది. దానికీ దీనికీ ఒకే గాలి పట్టించి ముల్లు చూస్తాను."

"అది వంద కిలోపాస్కల్స్ చూపించినప్పుడు ఇదెంత చూపిస్తుంది?"

"వంద కిలోపాస్కల్సే."

"దీన్ని దానితో భాగించు."

"ఒకటండి."

"ఒకటి ఏమిటి?"

ఇన్నేళ్లలో ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేకపోవడం అదే మొదటిసారి. "ఏమీ లేదండి. ఉత్త ఒకటి."

"అదీ! పైనా కిందా ఒకే యూనిట్ ఉంటే రెండూ కొట్టేసుకుపోతాయి. నిష్పత్తికి యూనిట్ ఉండదు. యూనిట్ లేనిచోట ఛైర్మన్ ఎక్కడ కూర్చుంటాడు?" అని ఆయన ఒక నిట్టూర్పు విడిచారు. "ముప్పై నాలుగేళ్లలో యూనిట్ లేకుండా రాయమని ఒక్క పిల్లాడికి కూడా చెప్పలేదు అల్లుడూ. ఇది బయట ఎక్కడా అనకు."

మధ్యాహ్నం ప్లైవుడ్డు గదులన్నీ ఖాళీగా ఉన్నాయి. రెండు గేజిల్నీ ఒకే గొట్టానికి బిగించి, గాలి పంపు కొట్టి, అయిదుచోట్ల ముల్లు చూశాను. అయిదుచోట్లా రెండు ముళ్లూ ఒకే మాట చెప్పాయి. మామూలు తెల్ల కాగితం మీద "అసలు గేజితో ఈ గేజి నిష్పత్తి: 1.00" అని రాసి నా పొట్టి సంతకం పెట్టాను. సుత్తి ఎత్తి ముద్ర కొట్టాను. చాలా రోజుల తర్వాత ఆఫీసులో పని జరిగిన చప్పుడు వినిపించింది. ఉద్యోగం ఉంటుందా ఊడుతుందా అన్న బెంగ మాత్రం ఆ రాత్రంతా నన్ను పడుకోనివ్వలేదు.

నర్సు ఆదివారం పొద్దున్నే ఫోను చేసింది. "డాక్టరుగారు చదివారండి. ఒక్కసారే చదివారు. సరేనన్నారు."

సోమవారం పదకొండు ఆపరేషన్లూ జరిగాయి.

ఆ వార్త మంత్రిగారికి చేరింది. ఏ సర్టిఫికెట్‌తో జరిగాయని ఆయన అడగలేదు. వివరాల్లోకి దిగడం గొప్పవాళ్ల అలవాటు కాదు. కొలతల స్వాతంత్ర్యం వల్ల పదకొండు మందికి చూపు వచ్చిందని ప్రకటించి, మంగళవారం కట్టు విప్పే సమయానికి ఛైర్మన్లతో, విలేకరులతో ఆసుపత్రికి తరలివచ్చారు. వ్యాను ఎప్పటిలాగే ముందు వచ్చింది. ఫొటో కోసం మా ఆవిడని ఉంచి, మిగతా రోగుల తాలూకువాళ్లని బయట నిలబెట్టి వార్డులో ఒక పక్కగా కుర్చీలు వరసగా వేశారు. కాలం కార్పొరేషన్ ఛైర్మన్‌గారు మాత్రం ఇంకా దారిలో ఉన్నారు.

గోడకి అక్షరాల చార్టు వేలాడుతోంది. కింది వరసలో ఒక వారగా ఆరు, గీత, మళ్లీ ఆరు అని రాసి ఉంది. పొట్టాయన దాన్ని పట్టేశారు.

"డాక్టరుగారూ, అదేమిటి?"

"మంచి చూపుకి కొలతండి. ఆరు మీటర్ల నుంచి కనపడాల్సింది ఆరు మీటర్ల నుంచే కనపడాలి."

"అంటే గీత పైన మీటరు, గీత కింద కూడా మీటరేనా!" ఆయన మొహం వెలిగిపోయింది. బక్కాయన వైపు తిరిగారు. "చూశావా? పైనా నేనే, కిందా నేనే. ఈ ఆపరేషన్లు పూర్తిగా నా కార్పొరేషన్‌వి."

మంచం మీద కట్టుతో కూర్చున్న మామగారు గొంతు వచ్చిన వైపు తల తిప్పారు. "పైనా కిందా ఒకటే అయితే కొట్టేస్తారు బాబూ. ఏమీ మిగలదు."

"కొట్టేసినా ఏమీ మిగల్లేదంటే మా పాలన ఎంత శుభ్రమో చూడండి" అన్నారు పొట్టాయన విలేకరులతో. వాళ్లు రాసుకున్నారు.

డాక్టరు మెల్లిగా కట్టు విప్పారు. మామగారు కన్ను ఆర్పారు. నీళ్లు కారాయి. మళ్లీ ఆర్పారు. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది, గోళ్లు దిగేలా. ఫొటోగ్రాఫరు మోకాళ్ల మీద కూర్చున్నాడు. మంత్రిగారు తన కుర్చీలో నిటారుగా సర్దుకుని, గది అంతా వినపడేలా అడిగారు.

"మాష్టారూ, మీకు చూపొచ్చింది. మీ ఎదురుగా ఎంతమందిమి ఉన్నామో ప్రజలకు చెప్పండి!"

మామగారు ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశారు. తొందరపడలేదు. వేలు గాల్లో ఆడిస్తూ లెక్కపెట్టారు.

"తొమ్మిది."

మంత్రిగారు, ఆరుగురు ఛైర్మన్లు. నేను రెండుసార్లు లెక్కపెట్టాను, ఏడుగురే ఉన్నారు. డాక్టరు గబగబా టార్చి తీశారు. నర్సు మొహం పాలిపోయింది. నేను వేసిన ముద్రే, నేను రాసిన కాగితమే, గేజిలో ఏదో తప్పు చూసి ఉంటాను, ఆయన కన్ను నా చేతుల్లోనే పోయింది అనిపించింది.

మంచం దగ్గర వంగి, "మామయ్యగారూ, ఇంకోసారి సరిగ్గా చూడండి. ఏడుగురు కదూ?" అన్నాను.

ఆయన నావైపు తిరిగారు. ఏడాది తర్వాత ఆ కన్ను నా మొహాన్ని నేరుగా చూసింది.

"తొమ్మిదే" అన్నారు. "తొమ్మిది ఏమిటని అడగవేం? కుర్చీలు."

చప్పట్లు మొదలుపెట్టింది మంత్రిగారే. ఈసారి అందుకోవడంలో నేను ఆలస్యం చేయలేదు.